లేపాక్షి లెక్కలు: వీరభక్తులూ, కళాపోషణా

అనంతపురం ప్రాంతంలో ఉద్యోగం చేసినవారెవరైనా ఒక్కసారైనా లేపాక్షి చూడక మానరు. బదిలీ మీద వచ్చిన కొత్తలో సహోద్యోగులతో కలిసి వెళ్ళి ఉంటారు. ఆ తరువాత ఊరినుండి చుట్టాలు వచ్చినప్పుడల్లా వారిని వెంటబెట్టుకొని వెళ్ళి ఉంటారు. వెళ్ళిన ప్రతిసారీ అక్కడివారు ముందు బసవన్నను, తరువాత వేలాడే స్తంభాన్ని, చివరకు ఒక గోడమీది ఎర్రని మచ్చలను చూపిస్తారు. "ఖజానా సొమ్ము గుడికి ఖర్చు పెట్టినందుకు రాజుగారు కళ్ళు పీకించమన్నారు. ఆ శిక్ష రాజభటుల చేతిలో పడడం ఎందుకని విరూపణ్ణ తానే కళ్ళు పెరికి గోడకు విసిరికొట్టాడు. ఆ మరకలే ఇవి" అని కథ చెబుతారు. పిల్లలు నోరు తెరుచుకొని వింటారు. పెద్దలు నిట్టూరుస్తారు.

సర్కారు కొలువులో జీవితమంతా గడిపిన మనవంటివారికి మాత్రం ఈ కథ వింటే మరొక ప్రశ్న పుడుతుంది. ఆరోపణ సరే, దానికి కాగితమేది? సొమ్ము ఎవరిది, మంజూరు ఎవరిది, లెక్క ఎక్కడ ఉంది? ఇంతటి కళాసంపదను మనకు విడిచి వెళ్ళిన ఒక అధికారి పేరు నాలుగున్నర శతాబ్దాలకు పైగా ఈ నింద మోస్తున్నది గనుక, దానిని ఒకసారి తీరికగా పరిశీలించడం మన ధర్మమని నాకు తోచింది. ఆ పరిశీలనకు ముందు కొంచెం దూరం వెళ్ళి రావాలి. కత్తి పట్టిన భక్తులు కళలను ఎలా పోషించారో, ఆ సొమ్ముకు లెక్కలు ఎలా రాసుకున్నారో తెలిస్తే మన విరూపణ్ణ వ్యవహారం తేటపడుతుంది.

మధ్యధరా సముద్రంలో మాల్టా అని ఒక చిన్న ద్వీపం ఉన్నది. అంతా సున్నపురాయి. చెప్పుకోదగ్గ నది ఒక్కటి లేదు. వాన పడితేనే నీళ్ళు. ఆ మాట వినగానే అనంతపురం వాసికి అది పరాయి దేశమనిపించదు. 1530లో ఆ ద్వీపాన్ని ఐదవ చార్లెస్ చక్రవర్తి సెయింట్ జాన్ వీరుల సంఘానికి ఇచ్చాడు. ఈ వీరులు సన్యాసులు, సైనికులు కూడా. జెరూసలేములో యాత్రికులకు వైద్యం చేసే ధర్మశాలగా మొదలైన సంఘమది. 1113లో పోపు దానికి గుర్తింపు ఇచ్చాడు. తరువాత కత్తి పట్టింది. రోడ్స్ ద్వీపంలో రెండు వందల సంవత్సరాలు ఉండి, 1522లో తురుష్కుల చేతిలో ఓడి, చివరకు మాల్టా చేరింది.

బ్రహ్మచర్యం, పేదరికం, విధేయత అని మూడు వ్రతాలు పట్టిన ఈ వీరుల చేతికి అపారమైన ధనం వచ్చింది. యూరపు అంతటా వారికి మాన్యాలు ఉండేవి. ఆ ధనాన్ని గురించి వారి నిబంధన ఒకటి మనం ప్రత్యేకంగా గమనించదగ్గది. ఒక వీరుడు చనిపోతే అతని ఆస్తిలో అయిదింట నాలుగు వంతులు సంఘపు ఉమ్మడి ఖజానాకు జమ కావాలి. మిగిలిన ఒక వంతును మాత్రం, అదీ సంఘాధిపతి అనుమతితో, తన ఇష్టప్రకారం రాసి ఇచ్చుకోవచ్చు. పదవోన్నతి పొందిన ప్రతి వీరుడూ సంఘపు ప్రధాన ఆలయానికి ఒక కానుక సమర్పించాలని మరొక నియమం. మనకు ప్రమోషన్ వస్తే ఆఫీసులో మిఠాయిలు పంచేవాళ్ళం. వారు చిత్రపటమో, వెండి పాత్రో, వస్త్రమో గుడికి ఇచ్చేవారు. ఆ విధంగా వాలెట్టా నగరంలోని సెయింట్ జాన్ ఆలయం తరతరాల కానుకలతో నిండిపోయింది.

ఆ ఆలయాన్ని 1570ల దశకంలో కట్టారు. 1661 నుండి 1666 వరకు మత్తియా ప్రేతి అనే చిత్రకారుడు దాని పైకప్పు అంతటా చిత్రాలు వేశాడు. పెరెల్లోస్ అనే సంఘాధిపతి బ్రస్సెల్సు నగరంలో బొమ్మల తివాచీలు నేయించి తెప్పించాడు. అన్నిటికన్నా పేరున్నది 1608లో కరవాజ్జో వేసిన యోహాను శిరచ్ఛేదం చిత్రం. ఇటలీలో హత్య చేసి పారిపోయి వచ్చిన ఈ చిత్రకారుణ్ణి సంఘాధిపతి విగ్నకూర్ చేరదీసి, 1608 జూలైలో వీరుడిగా కూడా చేర్చుకున్నాడు. అతడు మళ్ళీ కొట్లాటలో చిక్కుకున్నాడు. ఖైదు చేస్తే తప్పించుకొని పారిపోయాడు. ఆ సంవత్సరం డిసెంబరులో సంఘం సభ తీర్చి అతనిని వెలివేసింది. చిత్రకారుణ్ణి వెలివేశారు గాని, చిత్రాన్ని మాత్రం అక్కడినుండి తీసివేయలేదు. అది నేటికీ ఆ ఆలయంలోనే ఉన్నది.

అదే విగ్నకూర్ 1610 నుండి 1615 వరకు కట్టించిన మరొక పని ఉంది. ద్వీపం మధ్యలోని ఊటల నీటిని వాలెట్టా నగరానికి తెచ్చే రాతి కాలువ. చిత్రకారుణ్ణి పోషించిన చేయే నీళ్ళూ తెచ్చింది. ఈ సంగతిని పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. మళ్ళీ దీని అవసరం మనకు వస్తుంది.

ఇటువంటి వీరసన్యాసుల సంఘం మన తెలుగుదేశంలో ఉండేదా అంటే, అచ్చంగా అటువంటిది లేదు. దానికి చాలా దగ్గరగా వచ్చే వ్యవస్థ ఒకటి మాత్రం ఉండేది. దాని సాక్ష్యం గుంటూరు జిల్లా మల్కాపురంలో ఒక రాతిస్తంభం మీద ఉన్నది. క్రీ.శ. 1261 నాటి శాసనమది. కాకతి గణపతిదేవ చక్రవర్తికి గురువైన విశ్వేశ్వర శివాచార్యులు గోళకీ మఠానికి అధిపతి. ఆ మఠం మూలస్థానం మధ్యభారతంలోని డాహల దేశం. అక్కడినుండి ఆ శైవాచార్యుల పరంపర దక్షిణాదికి వ్యాపించింది. శ్రీశైలం, త్రిపురాంతకం, కడప జిల్లా పుష్పగిరి వంటి క్షేత్రాలలో ఆ మఠాలు వెలిశాయి. గణపతిదేవుడు గురువుకు మందడం గ్రామాన్ని ఇస్తానని మాట ఇచ్చాడు. కుమార్తె రుద్రమదేవి ఆ మాట నిలబెట్టి, వెలగపూడిని కూడా చేర్చి దానం చేసింది. మన పెన్షనర్లలో చాలామందికి వెలగపూడి పేరు తెలియనిది కాదు. 2016 నుండి ఆంధ్రప్రదేశ్ సచివాలయం నడుస్తున్నది ఆ గ్రామంలోనే.

ఆ శాసనం చదువుతుంటే మన ఆఫీసుల బడ్జెట్టు పుస్తకం చదివినట్టే ఉంటుంది. ఆదాయాన్ని మూడు భాగాలు చేశారు. ఒక భాగం శివాలయానికి. ఒక భాగం విద్యార్థులకు, శైవమఠానికి. మూడవ భాగం ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, అన్నసత్రానికి. ఆ తరువాత సిబ్బంది పట్టిక. వేదాలు చెప్పే ఉపాధ్యాయులు, తర్కం, సాహిత్యం, ఆగమం చెప్పేవారు, ఒక వైద్యుడు, ఒక కాయస్థుడు, అంటే లెక్కలు రాసే గుమాస్తా, నాట్యగత్తెలు, మద్దెలవారు, పాటగాళ్ళు, వంటవారు. ఎవరెవరికి ఎంత భూమి జీతమో కూడా రాతిమీదనే చెక్కారు.

ఈ పట్టికలో మన విషయానికి కావలసిన రెండు వర్గాలు ఉన్నాయి. మొదటిది, గ్రామానికి కాపలా కాసే పదిమంది భటులు. వారిని వీరభద్రులు అన్నారు. రెండవది, వీరముష్టులు అనే ఇరవైమంది భక్తులు. ఈ ఇరవైమందీ చేసే పనులు కంసాలి పని, కంచరి పని, రాతిపని, మేదరి పని, కమ్మరం, కుమ్మరం, వడ్రంగం వంటివి. దేవుని పేరు పెట్టుకొని కత్తి పట్టినవారూ, వీరభక్తి పేరుతోనే ఉలీ సుత్తీ పట్టినవారూ ఒకే మఠం కింద, ఒకే లెక్కలో జీతం తిన్నారన్నమాట. మాల్టా వీరులు దూరదేశాలనుండి కళాకారులను పిలిపించారు. మన మఠం కళాకారుణ్ణి వీరభక్తుల వరుసలోనే కూర్చోబెట్టింది.

కాకతీయుల తరువాత ఆ పెద్ద మఠాల వైభవం తగ్గినా వీరభద్రుని కొలిచే వీరభక్తి తగ్గలేదు. దక్షయజ్ఞాన్ని ధ్వంసం చేయడానికి శివుని జటనుండి పుట్టిన యోధుడు వీరభద్రుడు. కత్తి పట్టిన ప్రతివాడికీ ఆయనే ఇలవేల్పు. శ్రీశైలంలో వీరభక్తులు తమ శిరస్సులనే స్వామికి సమర్పించుకొనేవారు. పద్నాల్గవ శతాబ్దంలో కొండవీటి అనవేమారెడ్డి వారికోసం వీరశిరోమండపం కట్టించాడు. నేటికీ మన పల్లెల్లో వీరభద్రుని సంబరాలలో ఖడ్గాలు చదువుతూ, శరభ శరభ అని కేకలు వేస్తూ ఆవేశంతో ఆడేవారిని చూస్తూనే ఉన్నాం. ఆ కత్తి ఇప్పుడు యుద్ధానికి కాదు, నాట్యానికి. ఆ పాత వాసన మాత్రం దానిలో ఇంకా మిగిలి ఉంది.

విజయనగర కాలం వచ్చేసరికి ఈ వీరభక్తి పెనుకొండ సీమలో ఒక అధికారి కుటుంబం చేతిలో కళగా పండింది. ఆ అధికారే విరూపణ్ణ. ఆయన తండ్రి నంది లక్కిసెట్టి, తల్లి ముద్దమాంబ. తమ్ముడు వీరణ్ణ. శ్రీకృష్ణదేవరాయల తరువాత 1529లో గద్దెకెక్కి 1542 వరకు ఏలిన అచ్యుతదేవరాయల కొలువులో విరూపణ్ణ పెనుకొండ అధికారి. ఖజానా ఆయన చేతిలో ఉండేదని ప్రతీతి. మాల్టాను వీరులకు ఇచ్చిన 1530వ సంవత్సరమూ, లేపాక్షి ఆలయం రూపు దిద్దుకొన్న దశాబ్దమూ ఒకటే కావడం గమనించదగిన విషయం. ఒకరిని గురించి ఒకరికి తెలియని రెండు ఎండిన రాతినేలల మీద, ఒకే కాలంలో, వీరుల భక్తి కళకు పెట్టుబడి పెట్టింది.

కూర్మశైలం అనే తాబేటి ఆకారపు గుట్టమీద ఆలయం ఉన్నది. పాపనాశేశ్వరుడు, రఘునాథుడు, వీరభద్రుడు, దుర్గ కొలువు తీరారు. శివుడూ విష్ణువూ ఎదురెదురుగా ఉన్నారు. వీరశైవపు ఆవేశం ఎంత ఉన్నా, కట్టించినవారి మనసు ఇరుకైనది కాదని ఇది చెబుతుంది. ఊరి మొదట్లో సుమారు 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు ఉన్న ఏకశిలా బసవన్న ఉన్నాడు. గుడి వెనుక ఏడు పడగల నాగలింగం ఉన్నది. నాట్యమండపం స్తంభాల మీద రంభ ఆడుతుంటే బ్రహ్మ మద్దెల వాయిస్తాడు, తుంబురుడు వీణ మీటుతాడు. మూడు కాళ్ళ భృంగి నాట్యం నేర్పుతాడు. లతామండపం స్తంభాల మీది తీగలూ పువ్వులూ నేటి చీరల అంచులకు నమూనాలయ్యాయి. మన రాష్ట్ర హస్తకళల దుకాణాలకు లేపాక్షి అని పేరు పెట్టడం ఊరికే జరగలేదు.

అసలు సంపద మాత్రం తలెత్తి చూసేవారికే దొరుకుతుంది. మండపాల కప్పుల నిండా వర్ణచిత్రాలు. రాతికి సున్నపు గార పూసి, ఎర్రమన్ను, పసుపుమన్ను, ఆకుపచ్చ, నలుపు, సున్నపు తెలుపు రంగులతో వేశారు. కిరాతార్జునీయం, పార్వతీ కల్యాణం, ద్రౌపది స్వయంవరం, మనునీతి చోళుని న్యాయం, మర్రి ఆకు మీది బాలకృష్ణుడు, శివపార్వతుల పాచికలాట. ఆ స్త్రీల చీరల మీది గళ్ళు, చారలు, హంసలు, అంచుల తీరు చూస్తే, పదహారవ శతాబ్దపు బట్టల అంగడి మన నెత్తిమీద విప్పి పరచినట్టుంటుంది. రాళ్ళలో చెక్కనిదీ, పుస్తకాలలో రాయనిదీ అక్కడ ఉన్నది. వీరభద్రుని చిత్రం ఒక్కటే సుమారు పాతిక అడుగుల పొడవున కప్పును ఆక్రమించింది. మాల్టాలోని కరవాజ్జో చిత్రం వెడల్పు సుమారు 17 అడుగులని గుర్తు చేసుకుంటే, మనవాళ్ళ సాహసం ఏపాటిదో తెలుస్తుంది.

ఆ చిత్రాలలోనే విరూపణ్ణ, వీరణ్ణ కనిపిస్తారు. నెత్తిన ఎత్తైన కుళ్ళాయిలు, నడుముకు తెల్లని బట్టలు, చుట్టూ పరివారం. అర్చకుని ఎదుట చేతులు పట్టి వినయంగా నిలబడి ఉన్నారు. సొమ్ము దొంగిలించినవాడు తన ముఖాన్ని అందరి నెత్తిమీదా ఇలా వేయించుకుంటాడా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఇది సాక్ష్యం కాదు, అనుమానమే. అసలు సాక్ష్యం శాసనాలలో ఉంది.

లేపాక్షి శాసనాలు ఎక్కువగా కన్నడ భాషలో, గుడి గోడలమీద, ప్రాకారం మీద ఉన్నాయి. అవి చెప్పేవి దానాలు. వీరభద్రదేవరకు ఏ గ్రామం ఇచ్చారు, ఎవరు ఇచ్చారు, ఏ సేవకు ఇచ్చారు అన్న వివరాలు. వాటిలో అచ్యుతరాయల పేరు ఉన్నది, విరూపణ్ణ పేరు ఉన్నది. రాజు పేరు చెప్పుకొని, రాజు ఏలుబడిలో, నలుగురు చదివే గోడమీద చెక్కించిన దానాన్ని దొంగతనం అనడం కుదరదు. చాటుగా చేసే ఖర్చుకు శిలాశాసనం వేయించే వెర్రివాడు ఖజానాధికారి కాలేడు. కళ్ళు పీకించిన మాట స్థలపురాణంలోనే ఉంది.

మరి కల్యాణమండపం సగంలో ఎందుకు ఆగిపోయింది? శిక్ష కారణంగానే ఆగిందని కథ. అయితే సగంలో ఆగిన కట్టడాలు మన జిల్లాలోనే ఇంకా ఉన్నాయి. తాడిపత్రిలో పెమ్మసాని నాయకులు కట్టించిన బుగ్గ రామలింగేశ్వరాలయపు గోపురాలు పూర్తి కాలేదు. అక్కడ ఎవరి కళ్ళూ పోయినట్టు ఎవరూ చెప్పరు. 1542లో అచ్యుతరాయలు మరణించగానే వారసత్వపు తగాదాలు వచ్చాయి. 1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధంలో విజయనగరం కూలి రాజధానే పెనుకొండకు తరలి వచ్చింది. అదే 1565 వేసవిలో మాల్టాను తురుష్క నౌకాదళం ముట్టడించింది. వీరులు నాలుగు నెలలు తట్టుకొని గెలిచారు. వారు గెలిచారు గనుక వాలెట్టా నగరం కట్టుకున్నారు. మనవారు ఓడారు. పోషించిన ప్రభువు పోతే మంజూరైన పని కూడా ఆగిపోతుందని మనకు వేరే చెప్పాలా? ప్రభుత్వం మారిన తరువాత అర్ధంతరంగా ఆగిన భవనాలు మన సర్వీసులోనే ఎన్ని చూడలేదు!

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వేయవచ్చు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానే కురిసే ఈ సీమలో, కరువు తప్పని నేలలో, సొమ్మును రాళ్ళకూ రంగులకూ పెట్టడం ధర్మమేనా? దొంగతనం కాకపోవచ్చు, దుబారా కాదా? ఇది తేలికగా తోసివేయదగిన ప్రశ్న కాదు. ఎండాకాలం ఈ పల్లెల్లో బిందెల వరుసలు చూసినవారెవరూ దీన్ని తోసివేయలేరు.

అయితే ఆ కాలపు పద్ధతిలో గుడిఖర్చు, నీటిఖర్చు వేర్వేరు పద్దులు కావు. బుక్కరాయల కాలంలో, 1364 ప్రాంతంలో, చిక్కప్ప ఒడయరు కట్టించిన చెరువు కట్టకు రెండు కొనలనా బుక్కరాయసముద్రం, అనంతసాగరం వెలిశాయి. అనంతపురం పట్టణం పుట్టుకే ఒక చెరువుతో ముడిపడి ఉంది. ఇక తిరుమల తిరుపతి శాసనాలు చూడండి. భక్తులు నైవేద్యానికని ఇచ్చిన రొక్కాన్ని ఆలయం ఊరికే పెట్టెలో దాచలేదు. తన గ్రామాలలో చెరువులు, కాలువలు తవ్వించడానికి పెట్టింది. వాటివల్ల పెరిగిన పంటనుండి నైవేద్యం జరిపించింది. అసలు నీరుగా మారి నిలిచింది, వడ్డీ ప్రసాదమయింది. ఇంతకంటె మంచి పెట్టుబడి ఏ బ్యాంకు చూపించగలదు? గుడికి గ్రామం ఇచ్చారంటే, ఆ గ్రామం పండాలి. పండాలంటే చెరువు నిండాలి. చిత్రకారుణ్ణి పోషించిన విగ్నకూరే రాతికాలువ కట్టించాడని ముందు చెప్పుకున్నది ఇందుకే. ఎండిన నేలమీద కళ బతకాలంటే పోషకుడు నీటి సంగతి చూడక తప్పదు.

ఇక కళను పోగుచేయడం సంగతి. కళను పోషించడం వేరు, పోగుచేయడం వేరు. మన సీమకే ఈ రెంటి తేడా బాగా తెలుసు. మడకశిర ప్రాంతంలోని హేమావతి ఒకప్పుడు హెంజేరు పేరుతో నొళంబ రాజుల రాజధాని. నల్లరాతిని అద్దంలా నునుపుతేల్చిన స్తంభాలు, కిటికీలు ఆ శిల్పుల ప్రత్యేకత. చోళులు నొళంబవాడిని జయించినప్పుడు ఆ స్తంభాలను తంజావూరు సీమకు తరలించుకుపోయారు. తిరువయ్యారు ఆలయంలో అవి నేటికీ ఉన్నాయి. తరువాతి కాలంలో మరికొన్ని హేమావతి శిల్పాలు మద్రాసు మ్యూజియం చేరాయి. అక్కడ అవి భద్రంగానే ఉన్నాయి, సందేహం లేదు. కాని హేమావతి పిల్లవాడు తన ఊరి శిల్పాన్ని చూడాలంటే రైలెక్కాలి.

మాల్టా వీరుల గతి కూడా చివరకు అదే అయింది. రోగులకు సైతం వెండి పళ్ళేలలో అన్నం పెట్టిన సంఘమది. 1798లో నెపోలియన్ ఆ ద్వీపాన్ని పట్టుకొని, ఆ వెండిలో చాలా భాగాన్ని కరిగించి సైన్యపు ఖర్చుకు వాడుకున్నాడు. కొంత ధనం ఎక్కించుకున్న పెద్ద ఓడ ఆ ఆగస్టులోనే ఈజిప్టు తీరాన యుద్ధంలో పేలి మునిగిపోయింది. కరిగించదగినదంతా పోయింది. కరిగించలేని కప్పు చిత్రాలు, గోడ శిల్పాలు నిలిచాయి. సంఘం ద్వీపాన్ని పోగొట్టుకొని రోమునగరం చేరింది. నేడు కత్తి వదిలేసి, మొదలుపెట్టిన వైద్యసేవనే ప్రపంచమంతటా కొనసాగిస్తున్నది.

లేపాక్షి మనకు దక్కినది కూడా ఈ కారణంగానే. విరూపణ్ణ సొమ్ము నగలుగా, నాణేలుగా మిగిలి ఉంటే 1565 తరువాత ఒక్క రోజు కూడా నిలిచేది కాదు. సున్నపు గారమీది రంగును ఏ దండూ ఎత్తుకుపోలేదు. కప్పును పెరికి ఒంటెలమీద వేసుకొని పోవడం ఎవరి తరమూ కాలేదు. ఆయన పోగుచేయలేదు, అక్కడే అంటించి పోయాడు. ఆ మాటకొస్తే ఆయన ఖజానా ఇప్పటికీ మన నెత్తిమీదనే తెరిచి ఉన్నది.

ఆ ఖజానాకు ఇప్పుడున్న ప్రమాదాలు వేరు. వాననీటి చెమ్మ, పాత దీపాల మసి, గబ్బిలాలు, పేర్లు గీకే చేతులు. కొన్ని చిత్రాలు ఇప్పటికే సగం మాసిపోయాయి. కట్టడం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది. 2022లో లేపాక్షి ఆలయం, బసవన్న యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. ఆ సంవత్సరమే జిల్లాల విభజనలో లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది. జిల్లా మారినా మనకు అది పరాయిదేమీ కాలేదు.

ఇంతకూ విరూపణ్ణ కేసులో మన తీర్పు ఏమిటి? మాల్టాలో కరవాజ్జోను వెలివేసిన సంగతి సభ తీర్మానంగా రాసి ఉంది. మల్కాపురంలో గుమాస్తా జీతం మొదలు కాపలావాని జీతం దాకా రాతిమీద రాసి ఉంది. లేపాక్షిలో దానాలు రాసి ఉన్నాయి, నేరం మాత్రం ఎక్కడా రాసి లేదు. ఆరోపణ పత్రం లేని కేసులో శిక్ష వేయడం ఏ సర్వీసు రూల్సు ప్రకారమూ చెల్లదు. నిజాయితీగా పనిచేసి కూడా నలుగురి నోట పడి, పదవీ విరమణ నాటికి మనసు విరిగిపోయిన ఉద్యోగులు ప్రతి శాఖలోనూ ఉన్నారు. వారికి ఈ మాట విలువ తెలుసు. వోచరు ఉన్న ఖర్చును దుర్వినియోగం అనకూడదు. విరూపణ్ణ వోచర్లు ఆ గోడలమీద ఉన్నాయి.

కథను పూర్తిగా మాన్పించాలని నా ఉద్దేశం కాదు. ఆ ఎర్రని మచ్చలను చూపనిదే లేపాక్షి యాత్ర పూర్తి కాదని అక్కడివారికి నమ్మకం. వారిని చెప్పనిద్దాం. అది కథే అయినా, ఇంత అందం ఊరికే రాదు, దానికి ఎవరో మూల్యం చెల్లించి ఉంటారని జనం గుండెలో నాటుకున్న గౌరవం అందులో ఉన్నది. కాని ఈసారి మనవళ్ళను, మనవరాళ్ళను తీసుకొని వెళ్ళినప్పుడు ఆ గోడ దగ్గరే ఆగిపోకండి. మండపంలోకి వచ్చి, మెడ నొప్పి పుట్టినా సరే, కాసేపు తలెత్తి చూడండి. ఎత్తు కుళ్ళాయి పెట్టుకొని చేతులు జోడించిన ఆ పెద్దమనిషిని పిల్లలకు చూపించండి. "నాన్నా, ఈయన కూడా మీ తాతలాగే సర్కారు కొలువు చేసినవాడే. వచ్చిన సొమ్మును ఇక్కడ ఖర్చు పెట్టి, లెక్క ఆ రాళ్ళమీద రాసిపెట్టి పోయాడు" అని చెప్పండి.

ఆయన కళ్ళ మాట ఎలా ఉన్నా, మన కళ్ళు బాగున్నప్పుడే ఆ చిత్రాలను చూసి రావడం మంచిది. రంగు మాసిపోకముందే, మన పిల్లలు వాటిని మరచిపోకముందే.